లూర్దుమేరి వెలిగించిన చేపలు

మద్రాసు చూలై పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మీద, మొదటి అంతస్తులో రెండు గదుల కంపెనీ ఉండేది. ఇంజనీరింగ్ కాలేజీలకూ పాలిటెక్నిక్‌లకూ మైక్రోప్రాసెసర్ కిట్లు తయారుచేసి పంపేవాళ్ళు. బడిపిల్లల పలకంత పచ్చటి బోర్డు, దాని మీద బారులు తీరిన నల్లటి చిప్పులు, కింద కాలిక్యులేటర్‌కు ఉన్నట్టు మీటలు, పైన ఎర్రటి అంకెలు వెలిగే ఆరు గళ్ళు. ఆ బోర్డులకు టంకం పెట్టే పని లూర్దుమేరిది. తొమ్మిదేళ్ళుగా అదే పని. ఆమె పెట్టిన టంకం చుక్క ఆవగింజంత గుండ్రంగా, మెరుస్తూ ఉండేది. పక్క చుక్కకు అంటిందన్న మాట ఏ కాలేజీ నుంచీ రాలేదు.

ఆమె తాత నెల్లూరు వైపు నుంచి హార్బరు పనికి వచ్చి తొండియార్‌పేటలో నిలిచిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, చర్చి గుళ్ళో జపమాల తెలుగు. పదో తరగతి పాసై, రెండేళ్ళు బనియన్ల ఎక్స్‌పోర్టు కంపెనీలో దారాలు కత్తిరించి, ఆ తర్వాత ఈ పనిలో చేరింది. మొగుడు ఆనందన్ హార్బరులో క్రేను కొక్కేనికి సరుకు కట్టేవాడు. పిల్లలు లేరు. ఆ సంగతి గురించి వీధి మాట్లాడినంతగా వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

1996 చివర్లో ఒకరోజు పెట్టెలో సర్దబోతున్న కిట్టును చేతిలో పట్టుకుని ఆమె కంపెనీ యజమాని జయరామ్‌ను అడిగింది.

"సార్, తొమ్మిదేండ్లుగా చేస్తా ఉండా. ఈ బోర్డు ఏం జేస్తాది?"

జయరామ్ బిల్లు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఏం చెప్తే అది చేస్తాదమ్మా."

"ఎట్లా చెప్పాల?"

"దానికో భాష ఉండాది. అంకెల భాష. పిల్లకాయలు నాలుగేండ్లు కాలేజీలో కూర్చోని నేర్చుకుంటారు. నీకెందుకు గానీ, ఆ పెట్టెలు సాయంత్రం లారీకి పోవాల."

పెట్టెలు సాయంత్రం లారీకి పోయాయి. కానీ ఆ మాట మాత్రం ఆమె వెంట బస్సెక్కి ఇంటికొచ్చింది. ఏం చెప్తే అది చేస్తుందట! ఇంట్లో గానీ, వీధి కుళాయి దగ్గర గానీ, రేషన్ షాపులో గానీ, చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని ఆమె ఇంతవరకూ ఎరగదు.

మర్నాడు వెళ్ళి, మూలన పడేసిన ఒక కాలిపోయిన బోర్డును ఇమ్మని అడిగింది. జయరామ్ నవ్వాడు. ఇచ్చాడు. దాంతోపాటు, మనిషి చెడ్డవాడు కాదు కాబట్టి, కాలేజీలకు కిట్టుతో పంపే చిన్న పుస్తకమూ, ఆజ్ఞలన్నీ అచ్చేసిన అట్టా ఇచ్చాడు.

"అర్థం కాకపోతే నన్ను తిట్టుకోబాక," అన్నాడు.

బోర్డు మీద కాలిన రాగి దారిని గీకేసి, సన్నటి తీగతో అటూ ఇటూ కలపడం ఆమెకు పది నిమిషాల పని. బోర్డు వెలిగింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పుస్తకమంతా ఇంగ్లీషు. ఆమె దాన్ని వంట గదిలో బియ్యం డబ్బా మీద ఆనించి, పూటకొక పేజీ చొప్పున, అర్థం కాని మాటల కింద గీతలు గీస్తూ చదివింది. పదిహేను రోజులకు సంగతి కాస్త తెలిసింది. బోర్డు లోపల వరసగా గళ్ళుంటాయి. గడికో నంబరు. ప్రతి గడిలో రెండక్షరాల ఆజ్ఞ ఒకటి పెట్టాలి. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఆ తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. 'మూడు ఈ' అంటే 'వచ్చే అంకెను చేతిలోకి తీసుకో' అని. 'డి మూడు' అంటే 'చేతిలో ఉన్నదాన్ని బయటికి పంపు' అని. పైనుంచి కిందికి ఒక్కో గడీ చదువుకుంటూ, ఎక్కడా తనంతట తాను ఆలోచించకుండా, బోర్డు చేసుకుపోతుంది.

మొట్టమొదట రెండుకు మూడు కలపమంది. ఎర్రటి గడిలో ఐదు వెలిగింది.

"ఏమే, రెండూ మూడూ అయిదని నాకూ తెలుసు," అన్నాడు ఆనందన్, అన్నం కలుపుకుంటూ.

"నీకు మీ అయ్యోరు చెప్పినాడు. దీనికి నేను చెప్పినా," అంది లూర్దుమేరి.

తర్వాత ఎనిమిది చిన్న ఎర్ర బల్బులు అతికించి, ఒకదాని తర్వాత ఒకటి వెలగమని రాసింది. మీట నొక్కగానే ఎనిమిదీ ఒక్కసారే మసగ్గా వెలిగి అలాగే ఉండిపోయాయి. రెండు రోజులు తీగలు విప్పి చూసింది, టంకాలు మళ్ళీ పెట్టింది. మూడో రోజు కుళాయి దగ్గర వరసలో నిలబడి ఉండగా, తిరుగుతున్న టేబుల్ ఫ్యాను రెక్కలు గుర్తొచ్చాయి. తప్పు తీగల్లో లేదు. బల్బులు తను చెప్పినట్టే పరుగెత్తుతున్నాయి. ఆ వేగాన్ని కన్ను పట్టుకోలేకపోతోంది, అంతే! బిందె వరసలోనే వదిలేసి ఇంటికొచ్చి, ప్రతి అడుగుకూ మధ్య కాసేపు ఊరికే అంకెలు లెక్కపెట్టమని నాలుగు గళ్ళు చేర్చింది. వెలుగు ఒక బల్బు నుంచి ఇంకో బల్బుకు నింపాదిగా నడిచింది. ఆ పూట నీళ్ళు పోయాయి. ఆనందన్ పక్కింటి నుంచి రెండు బిందెలు అడిగి తెచ్చాడు.

అప్పటి నుంచి ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ కలిసి ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ వీధికి వెళ్ళేవారు. ఆనందన్‌కు ఆ వీధిలో పని లేదు. అయినా వెళ్ళేవాడు, తూకానికి అమ్మే పాత రేడియోలను తిరగేసి చూడడం అతనికి సరదా.

తర్వాతి ఏడాది మే నెలలో పేతురు గారి పండుగకు గుడి మీటింగు పెట్టారు. జూన్ చివర్లో పండుగ. సగం వీధి చేపల పని చేసేవాళ్ళే. పేతురు గారూ చేపల మనిషే. అందుకని ఆ పండుగంటే వాళ్ళకు సొంతింటి పెళ్ళి. దీపాల అలంకరణ ఎప్పుడూ చిన్నతంబిది. యాభై అయిదేళ్ళ మనిషి. వాళ్ళదీ పాత తెలుగు కుటుంబమే. సరుగుడు కర్రలతో ఇంత ఎత్తు చట్రం కట్టి, దాని మీద వేల సీరియల్ బల్బులు అమర్చి, ఏనుగు తొండం ఎత్తినట్టు, నెమలి పురి విప్పినట్టు వెలిగించేవాడు. దాని వెనక రహస్యం ఒక కర్ర డ్రమ్ము. మోటారు ఆ డ్రమ్మును తిప్పుతుంటే, దాని మీద కొట్టిన ఇత్తడి పట్టీలు వరసగా తీగలకు తగులుతాయి. ఏ పట్టీ తగిలితే ఆ బల్బులు వెలుగుతాయి. గుళ్ళకూ, చర్చీలకూ, పార్టీ మీటింగులకూ అతని డ్రమ్ములే.

"ఈసారి చేపలు పడిన అద్భుతం చూపిద్దాం," అన్నారు ఫాదర్. "రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు కదా. మూడుసార్లు వల ఉత్తదే పైకి రావాలి. ఆ తర్వాత ప్రభువు మాట మీద వేస్తే ఒక్కొక్కటే చేప వచ్చి, వల నిండాలి."

చిన్నతంబి తల అడ్డంగా ఊపాడు. "ఫాదర్, నా డ్రమ్ము ఒక చుట్టు తిరిగేదానికి ఎనిమిది సెకండ్లు. మళ్ళా మొదటికే వస్తాది. మూడుసార్లు ఉత్త వల, తర్వాత చేపలు అంటే ఒకటిన్నర నిమిషం కథ. దానికి బండి చక్రమంత డ్రమ్ము కావాల. అయ్యేది గాదు."

వెనక బెంచీలోంచి లూర్దుమేరి లేచింది. తను లేస్తున్నట్టు ఆనందన్‌కు కూడా ముందు చెప్పలేదు.

"నేను చేస్తాను ఫాదర్. నా కాడ బోర్డు ఉండాది. ఎంత పొడుగు కథయినా చెప్తాది."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చిన్నతంబి కూడా చూశాడు. "ఏం బోర్డమ్మా?"

"రాండన్నా, చూపిస్తా."

అతను వచ్చాడు. వంట గదిలో నిలబడి, ఎనిమిది బల్బుల నడక చూశాడు. ఆమె అయిదారు మీటలు నొక్కింది. నడక వెనక్కి తిరిగింది. ఇంకో మీట నొక్కితే రెండేసి బల్బులు నడిచాయి. అతను వంగి మీటలను దగ్గరగా చూశాడు.

"నెమలిని మయిలుగా మార్చాలంటే," అన్నాడు చివరికి, ఏనుగు అనబోయి అదే పక్షిని ఒకసారి తెలుగులోనూ ఒకసారి అరవంలోనూ అన్నానని గమనించకుండానే, "నేను వారం రోజులు కూర్చోని ఇత్తడి కోయాల."

"నాకు బల్బులు కట్టేది రాదన్నా," అంది ఆమె. "చట్రం రాదు. రెండు వందల ముప్పై వోల్టు కరెంటు ముట్టాలంటే భయం. అదంతా మీదే. ఎప్పుడు ఏది వెలగాలో, అంతవరకే నాది."

ఆమె మర్యాదకు ఆ మాట అనలేదు. నిజం గనక అంది. అది అతనికి అర్థమైంది. "అలలు మాత్రం నా డ్రమ్మే ఆడిస్తాది," అన్నాడు. "పడవా, అలా నాది. చేపలు నీవి."

నెల రోజులు చిన్నతంబి షెడ్డులో పని జరిగింది. పదహారు తీగలు. పన్నెండు చేపలకు పన్నెండు, వలకు మూడు, పేతురు గారి చేతులకు ఒకటి. బోర్డు బలం చిన్న బల్బుకే సరిపోతుంది కాబట్టి మధ్యలో పదహారు రిలేలు పెట్టారు. రిలే అంటే బోర్డు చిటికేస్తే పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. మొదటిసారి అన్నీ కలిపి మీట నొక్కినప్పుడు రెండు చేపలు వెలిగాయి. మూడోది వెలగబోతూ బోర్డు మీద అంకెలు చెదిరి అంతా ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే ఈసారి అయిదో చేప దగ్గర ఆగింది.

చిన్నతంబి డ్రమ్ము మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ నిలబడడమే ఒక మాటలా ఉంది.

లూర్దుమేరి రిలేలన్నీ పీకేసి, ఒక్కొక్కటే తగిలిస్తూ చూసింది. ఆగిపోయేది ఒకటి వెలిగినప్పుడు కాదు, వదిలినప్పుడు. రిలే చుట్ట కరెంటు వదిలేటప్పుడు వెనక్కి ఒక తన్ను తంతుంది. ఆ తన్ను వచ్చి బోర్డుకు తగులుతోంది. కంపెనీలో రిలే ఉన్న ప్రతి బోర్డులోనూ దాని పక్కన చిన్న డయోడు ఒకటి తనే పెడుతుంది. ఎందుకు పెడుతున్నదో తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఆ తన్నును మింగడానికేనని ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. సాయంత్రానికల్లా పదహారు డయోడులు పెట్టింది. బోర్డు మళ్ళీ తొణకలేదు.

"ఒకటి చెప్తా," అన్నాడు చిన్నతంబి టీ గ్లాసు ఆమె చేతికిస్తూ. "ఏడుస్తావనుకున్నా. ఏడవలా నువ్వు."

"టంకం పెట్టేవాళ్ళకు తెలుసన్నా. తప్పు ఏదో ఒక చుక్కలోనే ఉంటాది. అన్ని చుక్కలూ చూస్తే దొరుకుతాది."

పండుగ సాయంత్రం గుడి ముందు వీధి నిండిపోయింది. కాశిమేడు చేపల రేవు నుంచి కూడా జనం వచ్చారు. మూడంతస్తుల ఎత్తున చట్రం. కింద నీలం అలలు డ్రమ్ము చెప్పినట్టు ఊగుతున్నాయి. పేతురు గారు చేతులెత్తారు. వల దిగింది. ఉత్తదే పైకొచ్చింది. రెండోసారీ ఉత్తదే. మూడోసారి వల ఉత్తగా వచ్చేసరికి జనంలోంచి ఒక ముసలాయన "అయ్యో, పాపం!" అన్నాడు. జాలరి ఎవరో అయి ఉంటాడు. నాలుగోసారి ఒక చేప వచ్చి వలలో మెరిసింది, తప్పించుకుపోయింది. పిల్లలు అరిచారు. రెండు వచ్చాయి. నాలుగయ్యాయి. పన్నెండూ ఒక్కసారి జిగేలుమన్నాయి, వల పైకి లేచింది. ఆ అరుపులకు గుడి గోపురం మీది పావురాలన్నీ లేచిపోయాయి.

ఆ కథే మూడోసారి మొదటి నుంచి నడుస్తుండగా కరెంటు పోయింది.

చిన్నతంబి మనుషులు రెండు నిమిషాల్లో జనరేటరు నడిపించారు. పండుగ లైట్లు వెలిగాయి, బోర్డు వెలిగింది. కానీ దాని గళ్ళన్నీ ఖాళీ. కరెంటు పోతే ఆ బోర్డు కొత్తగా నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. చెరిగిపోకుండా చిప్పులో రాసే యంత్రం కంపెనీలో ఉంది గానీ, చేపల వరస పండుగ రోజు పొద్దుటి దాకా ఫాదర్ మారుస్తూనే ఉన్నారు. ఈ ముప్పు ఉన్నదని లూర్దుమేరికి తెలుసు. అందుకే మొత్తం నూట ముప్పై ఎనిమిది ఆజ్ఞలూ లెక్కల నోటుపుస్తకంలో రాసి, జాకెట్టు బట్టలో చుట్టి పక్కనే పెట్టుకుంది.

"ఎంతసేపు పడతాది?" అన్నాడు చిన్నతంబి.

"ఎనిమిది నిమిషాలు."

"సరే. అంతవరకూ నేను చూసుకుంటా." అతను మోటారు పట్టీ తీసేసి, డ్రమ్మును చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గిరగిరా. అలలు ఉన్నట్టుండి లేచాయి, పడ్డాయి, పడవ ఒరిగింది. గాలివాన మొదలైనట్టుంది. జనం అది కూడా కథలో భాగమే అనుకున్నారు.

చట్రం వెనక, స్టూలు మీద బోర్డు. పక్కన ఆనందన్ నోటుపుస్తకాన్ని టార్చిలైటు కింద పట్టుకుని చదువుతున్నాడు. హార్బరులో క్రేను వాడికి కేకేసి చెప్పే గొంతు అది, దాచినా దాగదు.

"మూడు ఈ. ఎనిమిది సున్నా. డి మూడు. సున్నా మూడు."

"ఊ."

"రెండు ఒకటి. మూడు సున్నా."

"మెల్లగా గాదు, ఒకే వేగంగా చెప్పు. నా వేళ్ళు దానికి అలవాటు పడాల."

అతను అలాగే చెప్పాడు. ఆమె వేళ్ళు మీటల మీద ఎక్కడా ఆగలేదు. గుడి మెట్ల మీద నుంచి ఒకావిడ తొంగిచూసి, పండుగ పూట కూడా ఈమె లెక్కలు వేసుకుంటోందేమిటని పక్కావిడతో అంది. లూర్దుమేరికి వినబడింది. నవ్వొచ్చింది గానీ చెయ్యి ఆపలేదు.

"అంతే, అయిపోయె," అన్నాడు ఆనందన్.

ఆమె ఎర్రటి అంకెలు చూసింది. చివరి ఆజ్ఞ ఇరవై ఎనభై తొమ్మిదో గడిలో పడాలి; ఇరవై సున్నా సున్నా నుంచి మొదలైతే, బోర్డు లెక్కపెట్టే పదహార్ల లెక్కలో నూట ముప్పై ఎనిమిదో గడి అదే. ఎనభై ఎనిమిదిలోనే పడింది.

"ఒకటి వదిలేసినావు."

"లేదే, అన్నీ చదివినా!"

"బోర్డు అబద్ధం చెప్పదు మామా. ఆఖరి పేజీ చూడు. ఒకే అంకె పక్కపక్కన రెండుసార్లు ఎక్కడన్నా ఉండాదా?"

అతను వేలు పెట్టి వెతికాడు. "ఉండాది. సున్నా ఎఫ్, సున్నా ఎఫ్. ఒకటే అనుకున్నా నేను."

"ఆడి నుంచి మళ్ళా చెప్పు."

తొమ్మిది ఆజ్ఞలు మళ్ళీ కొట్టింది. ఎనభై తొమ్మిది. చట్రం అంచు మీద నుంచి చిన్నతంబికి చెయ్యి ఊపింది. అతను డ్రమ్ము వేగాన్ని మెల్లగా తగ్గించి మోటారుకు తగిలించాడు. సముద్రం శాంతించింది. లూర్దుమేరి మీట నొక్కింది. పేతురు గారు చేతులెత్తారు.

ఆ రాత్రి అందరూ మెచ్చుకున్నది ఆ గాలివాననే. మర్నాడు ఫాదర్ కూడా వచ్చి, తుఫాను ఆలోచన ఎవరిదని అడిగారు. చిన్నతంబి మీసం దువ్వుకుని, "మేరమ్మా నేనూ మాట్లాడుకోని పెట్టినాం ఫాదర్," అన్నాడు.

సోమవారం ఆమె కంపెనీకి వెళ్ళి జయరామ్‌తో జరిగిందంతా చెప్పింది. అతను నోటుపుస్తకం తీసుకుని పేజీలు తిప్పుతూ, కూర్చున్నవాడు లేచి కిటికీ వెలుగులోకి వెళ్ళాడు.

"ఈ పట్టిక ఎక్కడ చూసి రాసినావు?"

"ఎక్కడా చూళ్ళా సార్. ఏ చేప ఎప్పుడొచ్చేది గళ్ళు గీసి పెట్టుకున్నా. గడి నిండితే ఒకటి, నిండకపోతే సున్నా."

జయరామ్ ఆ నెల నుంచే తయారైన కిట్లను పరీక్షించే పని ఆమెకు అప్పగించాడు. చిప్పులో రాసే యంత్రాన్ని కూడా వాడుకోమన్నాడు. రాసిన చిప్పును చెరపాలంటే ప్రత్యేకమైన దీపం కావాలి. అది ఒకటే ఉంది, దానికి ఎప్పుడూ కంపెనీ పనే. లూర్దుమేరి చిప్పు నెత్తిన ఉండే చిన్న గాజు కిటికీ మీది స్టిక్కరు పీకేసి, మిద్దె మీద వడియాల పక్కన ఒక పళ్ళెంలో ఎండబెట్టేది. మద్రాసు ఎండకు వారంలో అంతా చెరిగిపోయేది. పొరుగున ఉన్న విజి ఒకసారి వాటిని ఏరి, "ఇవి ఏం వడియాలక్కా, కాళ్ళున్నాయి?" అని అడిగింది.

ఆ ఏడాదే మాధవరంలో అమ్మవారి జాతరకు నెమలి, ఇంకోచోట ఉరుసుకు ఎగిరే పావురాలు, డిసెంబరులో అయిదు చర్చీలకు తోక చుక్క. ఒక పాలిటెక్నిక్ లెక్చరరు ఆ నెమలిని చూసి, దాని వెనక ఏ కంపెనీ బోర్డు ఉందో కనుక్కోవడానికి వచ్చాడు. చట్రం వెనక స్టూలు మీద కూర్చున్న చీరకట్టు మనిషిని చూసి, "ఇంజనీర్ ఎవరమ్మా?" అని అడిగాడు.

"నేనే. చెప్పండి," అంది లూర్దుమేరి.

అతను అడిగినవన్నీ ఆమె చెప్పింది. తన దగ్గరున్న జవాబులన్నీ చెప్పాక, తనకు అర్థం కాని ఒక సంగతి, పని మధ్యలో ఇంకో పని తలుపు తట్టితే బోర్డు దాన్ని ఎలా వింటుందో, అతన్ని అడిగింది. అతను అక్కడే నేల మీద కూర్చుని, అగ్గిపెట్టె వెనక బొమ్మ గీసి చెప్పాడు. చిన్నతంబి ఇద్దరికీ టీ తెప్పించాడు. బొమ్మ సగం అర్థమైంది ఆమెకు. మిగతా సగం ఆదివారం లోపు అర్థమవుతుందని ఆమెకు తెలుసు.